గోదురు కప్ప విషాన్ని చల్లొద్దు, చదవండి

గోదురు కప్ప విషం కీటకాల మీద పనిచేస్తుందని బ్రెజిల్ పరిశోధకులు బొద్దింకల మీద పరీక్షించి చూపించారు. ఇంకేం, సహజ పురుగుమందు దొరికేసినట్టే అని సంబరపడేవాళ్లున్నారు. సంబరం నాకూ ఉంది, కారణం మాత్రం వేరు. ఆ విషాన్ని ఉన్నదున్నట్టు పొలంలో చల్లితే కొంప మునుగుతుంది. అది ఎలా పనిచేస్తుందో చదివి కొత్త మందు తయారుచేస్తేనే లాభం.

ఈ కప్పకి కళ్ల వెనక ఉబ్బెత్తుగా రెండు గ్రంథులుంటాయి. కుక్క నోట కరిచిందంటే అవి నలిగి, పాలలా తెల్లగా, జిగటగా ద్రవం బయటికొస్తుంది. కాసేపటికే కుక్కకి చొంగ కారుతుంది, ఆపైన గుండె లయ తప్పుతుంది. ఆ ద్రవంలోని బుఫాడయనోలైడ్లు అనే విష పదార్థాలు కణాల్లోని సోడియం-పొటాషియం పంపుని ఆపేస్తాయి. 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే ఈ పంపు పురుగులోనూ ఉంది, మనిషి గుండెలోనూ ఉంది. గన్నేరు పప్పు ప్రాణం తీసేదీ ఈ దారిలోనే. మరి స్ప్రేయర్ భుజాన వేసుకున్న మనిషి సంగతేంటి?

అసలు విషయం ఇక్కడుంది. మోనార్క్ సీతాకోకచిలుక ఇలాంటి విషమున్న జిల్లేడు జాతి మొక్కలే తిని బతుకుతుంది. పంపు అంటే అమైనో ఆమ్లాలు గొలుసులా అల్లుకున్న ప్రోటీన్. మోనార్క్ పంపులో 122వ స్థానంలోని అమైనో ఆమ్లం మారిపోయింది, విషం సరిగ్గా అతుక్కోదు. ఆ మొక్కల్నే తినే పెంకు పురుగులు, వాటి రసం పీల్చే పురుగులు కూడా ఎవరికివారు అవే ఒకటి రెండు స్థానాల్లో మార్పులు తెచ్చుకున్నాయి. కప్ప తన విషానికి తాను చావకపోవడం కూడా ఇలాంటి మార్పు వల్లే. ఒకటి రెండు అమైనో ఆమ్లాలతో చావో బతుకో తేలిపోతోందంటే, పురుగు పంపుకి మాత్రమే పట్టి మన పంపుకి పట్టని అణువుని చెక్కడం ఎందుకు సాధ్యం కాదు?

పురుగులు ఇప్పటికే తప్పించుకోవడం నేర్చాయిగా, ఇక మందు ఎన్నాళ్లు పనిచేస్తుంది అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అవి ఎక్కడ మారతాయో ముందే తెలిసిన మందులు మనకి ఎన్నున్నాయి?

విషాన్ని చదివి మందు చేసే ఈ దారి కొత్తదేం కాదు. ఎరగా వాడే ఒక సముద్రపు పురుగు చచ్చాక దాని మీద వాలిన ఈగలు చచ్చిపోవడం జపాన్‌లో గమనించారు. 1934లో దాని విషాన్ని వేరుచేశారు, 1960ల్లో దాన్ని మార్చి కార్టాప్ తయారుచేశారు. వరిలో కాండం తొలుచు పురుగుకి వేసే గుళికల మందుల్లో అదొకటి. అందుకోసం ఎవరూ సముద్రపు పురుగుల్ని బస్తాల్లో పట్టుకోవడం లేదు. ప్రపంచంలోని ఉభయచరాల్లో సుమారు 40 శాతం అంతరించే ముప్పులో ఉన్నప్పుడు కప్పల్ని పిండి మందు తీద్దామనడం ఇంకా దారుణం, పైగా పురుగుల్ని తిని పెట్టేది ఆ కప్పలే.

ఇంతకీ నా కోపమంతా ‘సహజం’ అనే ముద్ర మీద. నికోటిన్ సహజమే, మనిషిని చంపుతుంది. రొటెనోన్ మొక్కల వేళ్ల నుంచి వచ్చిందే, చెరువులో కలిస్తే చేపలన్నీ తేలిపోతాయి. డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ వేసి అమ్మే ప్రతి మందుకీ, రసాయన మందులకి పెట్టే పరీక్షలన్నీ ఒక్కటి కూడా తగ్గకుండా పెట్టాలి. తేనెటీగకి ఎంత హాని, చేపకి ఎంత, చల్లే మనిషికి ఎంత అన్నది ఆ బొమ్మ కంటే పెద్ద అక్షరాల్లో అచ్చేయాలి.