మెట్ల మీద మెర్‌కాప్టన్

నిన్న రాత్రి పదింటికి మా ఆవిడ "ఏవండీ, గ్యాస్ వాసన!" అంది. రెగ్యులేటర్ ఊడదీసి, సిలిండర్‌కి మూత బిగించి, కిటికీలు తెరిచి, స్విచ్చుల జోలికి పోకుండా, లుంగీ బనీనుతోనే బయటపడ్డాను. మెట్లు దిగేకొద్దీ కంపు తగ్గకపోగా పెరుగుతోంది. గ్యాస్ గాలి కన్నా బరువు కదా, కిందికే దిగుతుందని సరిపెట్టుకున్నాను.

రెండో అంతస్తులో రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ గారు అడ్డం తగిలారు.

"గ్యాస్‌కి అసలు వాసనే ఉండదోయ్," అన్నారు, రెయిలింగ్ పట్టుకుని దారి మొత్తం మూసేసి. "లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టన్ కలుపుతారు. ఆ పేరెలా వచ్చిందో చెప్పు?"

"సార్, ముందు కిందికి పోదాం."

పై అంతస్తులవాళ్లంతా వచ్చి నా వెనక ఇరుక్కుపోయారు. ఒకావిడ చంకలో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఒకాయన పెరుగన్నం కంచంతో సహా దిగొచ్చాడు.

"1834లో కోపెన్‌హేగెన్‌లో జైసే అని ఒకాయన..."

"జైసే?" అంది వెనక నించి ఓ గొంతు.

"హిందీ జైసే కాదమ్మా, ఆయన పేరే అది. ఈ పదార్థానికి పాదరసం కనబడితే చాలు, పట్టేసుకుంటుంది. అందుకే లాటిన్‌లో మెర్క్యూరియం కాప్టాన్స్ అన్నాడు. పాదరసాన్ని పట్టేది అని. అదే కుదించి మెర్‌కాప్టన్."

పాదరసం సంగతేమో గానీ, మమ్మల్ని మాత్రం ఈయన గట్టిగా పట్టేశారు.

"ఇప్పుడు థయోల్ అంటున్నారు. పేరులో పస ఏదీ?" అని కాసేపు బాధపడ్డారు. "అమెరికాలో గ్యాస్ పైపులైను లీకైన చోట రాబందులు చేరేవి, తెలుసా? కుళ్లిన శవంలోనూ ఇదే వాసన మరి!"

పెరుగన్నం ఆయన కంచం మెట్టు మీద పెట్టేశాడు.

మెకానిక్ వచ్చి సబ్బునురగ రాసి చూశాడు. మా ఇంట్లో లీకు లేదు. కంపంతా కింద, మీటర్ల పక్కన. అసోసియేషన్ సెక్రటరీ గారు చవగ్గా దొరికాయని తెచ్చి మెట్ల కింద తోసిన ఉల్లిపాయల బస్తా! అడుగు నించి నల్లటి నీరు కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి. దాని పైన గోడకి, 'మెట్ల దగ్గర చెప్పులు విడవరాదు' అని ఆయన సంతకంతోనే నోటీసు.

లెక్చరర్ గారు వంగి, గుండెల నిండా పీల్చి, "ప్రొపైల్! ఇది ప్రొపైల్ మెర్‌కాప్టన్! దానికి దాయాదే!" అని మురిసిపోయారు.

సెక్రటరీ గారు బస్తా వంక చూడనేలేదు. నా బనీను వంక చూసి, "ఈ నెల మెయింటెనెన్స్ మీరింకా కట్టలేదు," అన్నారు.