నేతి బీరకాయ సోషలిజం

"హిట్లర్ పార్టీ పేరులోనే సోషలిస్టు ఉంది, కార్మికులూ ఉన్నారు. జెండా ఎర్రది. మే డేకు సెలవు ఇచ్చాడు. స్టాలిన్‌తో చేతులు కలిపాడు. కాబట్టి నాజీలు వామపక్షమే. ఎడమ చివర, కుడి చివర అన్నదే అబద్ధం, అంతా ఒకటే." ఏడాదిలో మూడుసార్లు నా ఫోనుకు చేరిన సందేశమిది. మూడోసారి పంపినవాడు నాతో చదువుకున్న మిత్రుడు. "చరిత్ర తెలుసుకోండి" అని పైన ఒక ముక్క తగిలించాడు కూడా. సరే, తెలుసుకుందాం.

ముందు పేరు. 1919లో మ్యూనిక్‌లో పుట్టిన జర్మన్ కార్మికుల పార్టీ మరుసటి ఏడాది "జాతీయ సోషలిస్టు" అన్న మాటలు చేర్చుకుంది. ఆ రోజుల్లో జర్మనీలో సోషలిజం అన్న మాటకు గిరాకీ ఉంది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో ఈ పేరులో సోషలిజమూ అంతే. తూర్పు జర్మనీ తనను తాను ప్రజాస్వామిక రిపబ్లిక్ అని పిలుచుకుంటే ఈ సందేశాలు పంపేవారెవరూ నమ్మరు మరి! అయితే ఒకటి ఒప్పుకోవాలి. 1920 నాటి 25 అంశాల కార్యక్రమంలో పరిహారం లేకుండా భూమిని స్వాధీనం చేసుకోవాలన్న మాట నిజంగానే ఉంది. 1928 ఏప్రిల్‌లో హిట్లరే దానికి వివరణ ఇచ్చాడు: తమది సొంత ఆస్తిని గుర్తించే పార్టీ అని, ఆ అంశం యూదుల భూవ్యాపార కంపెనీలను ఉద్దేశించినదని. పార్టీలో సోషలిజం మాట పట్టుకు వేలాడిన ఒట్టో స్ట్రాసర్ 1930లో బయటికి వెళ్లిపోయాడు. అతడి అన్న గ్రెగర్‌ను 1934 జూన్ 30న సొంత పార్టీవాళ్లే చంపారు.

జెండా సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. తమ పోస్టర్లకు ఎరుపును ఎంచుకున్నది వామపక్షీయులను రెచ్చగొట్టడానికేనని హిట్లరే రాసుకున్నాడు.

మే డే సెలవు నిజమే. 1933 మే 1న బెర్లిన్‌లోని టెంపుల్‌హోఫ్ మైదానంలో లక్షల మందితో ఉత్సవం చేశారు, కార్మిక సంఘాలు కూడా పాల్గొన్నాయి. సందేశం అక్కడితో ఆగిపోయింది. తెల్లవారి మే 2న దేశమంతటా నాజీ దళాలు ఆ సంఘాల కార్యాలయాల్లోకే చొరబడి నాయకులను అరెస్టు చేశాయి, నిధులు లాక్కున్నాయి. ఆ తర్వాత సమ్మె హక్కూ పోయింది.

ఇక అసలు విషయం. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో చూడాలంటే 1933 మార్చి 23న బెర్లిన్‌లోని క్రోల్ ఒపేరా భవనానికి వెళ్లాలి. పార్లమెంటు తగలబడ్డాక సభ అక్కడ జరిగింది. పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసే అధికారం ప్రభుత్వానికి కట్టబెట్టే బిల్లు అది. లోపలా బయటా నాజీ దళాలు కాపలా. ఎన్నికైన 81 మంది కమ్యూనిస్టుల్లో ఒక్కరినీ రానివ్వలేదు. చాలామంది అప్పటికే జైల్లోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. మరో వామపక్షమైన సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచి, "స్వేచ్ఛనూ ప్రాణాన్నీ మా నుంచి తీసుకోవచ్చు, గౌరవాన్ని తీసుకోలేరు" అన్నాడు. వ్యతిరేకంగా పడిన ఓట్లు 94, అన్నీ అతడి పార్టీవే. సంప్రదాయవాదులు, క్యాథలిక్కుల సెంటర్ పార్టీ, ఉదారవాదులు అందరూ బిల్లుకు అనుకూలంగా ఓటేశారు. అంతకు రెండు నెలల ముందు హిట్లర్‌ను ఛాన్సలర్‌ను (ప్రభుత్వాధినేతను) చేసిన దేశాధ్యక్షుడు హిండెన్‌బర్గ్, మాజీ ఛాన్సలర్ పాపెన్ ఏ పక్షమో మా మిత్రుడే చెప్పాలి. ఆ తొలి మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే, మిగిలినవారు సంప్రదాయవాదులూ వారికి కావలసినవారూ. వామపక్షం నుంచి ఒక్కడూ లేడు.

(మన పత్రికా భాష కూడా ఇక్కడ కొంత చిక్కు తెచ్చింది. గోఖలే కాలపు "మితవాదులు" అన్న మాటనే తెచ్చి కుడిపక్షానికి తగిలించాం. దాని చివరను రాయాల్సి వచ్చినప్పుడు "అతి మితవాదం" అంటాం. అది అతో మితమో చదివేవాడు తేల్చుకోవాలి.)

కమ్యూనిస్టులు సుద్దపూసలని నేను అనడం లేదు. సోషల్ డెమోక్రాట్లను "సోషల్ ఫాసిస్టులు" అని తిట్టారు. 1932 నవంబరు బెర్లిన్ రవాణా సమ్మెలో నాజీలతో కలిసి నిలబడ్డారు. అదే నెల ఎన్నికల్లో నాజీలకు 196 స్థానాలు వస్తే, ఈ రెండు వామపక్షాలకు కలిపి 221 వచ్చాయి. కలిసి ఉంటే ఏమయ్యేదో గాని, వాళ్లు కలవలేదు.

చివరిది స్టాలిన్ ఒప్పందం, సందేశంలో బలమున్నది ఈ ఒక్క మాటకే. 1939 ఆగస్టు 23న సంతకాలయ్యాయి, రహస్య అనుబంధంలో పోలండును పంచుకున్నారు. స్టాలిన్ చేతులకంటిన నెత్తురును కడగడం నా పని కాదు. కానీ పోల్చాలంటే రెండు ఉండాలి కదా, ఒకటే అంటే పోల్చేదేమిటి? స్టాలిన్, హిట్లర్ పాలనలు రెండింటినీ చూసిన మార్గరెటె బూబర్-నాయ్‌మన్ జర్మన్ కమ్యూనిస్టు. ఆమె భర్తను 1937లో మాస్కోలో కాల్చేశారు, ఆమెను సోవియట్ నిర్బంధ శిబిరమైన కరగండాకు పంపారు. 1940 ఫిబ్రవరిలో సోవియట్ పోలీసులు ఆమెను బ్రెస్ట్-లితోవ్‌స్క్ దగ్గర నాజీలకు అప్పగించారు. అక్కడి నుంచి 1945 ఏప్రిల్ దాకా నాజీల రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరం. సోవియట్ శిబిరాల గురించి 1949లో పారిస్ కోర్టులో ఒక ఫ్రెంచి కమ్యూనిస్టు పత్రికకు వ్యతిరేకంగా ఆమె సాక్ష్యం చెప్పింది. మా మిత్రుడికి ఈసారి ఆ సాక్ష్యం సంగతి పంపుతున్నాను.