తలుపు మూసి పదిహేను నిమిషాలట!

బాత్రూమ్ మరకలు పోగొట్టే చిట్కా అంటూ ఒక మెసేజ్. ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మేనత్త పంపింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత నాతో డిగ్రీ చదివినవాడు పంపాడు (చదివింది కెమిస్ట్రీ!), ఇవాళ పొద్దున్నే మా ఆవిడ. "గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ మీద అరలీటరు బాత్రూమ్ యాసిడ్ పోయండి. డబుల్ పవర్! పొగ వస్తే పనిచేస్తున్నట్టు. తలుపు మూసి 15 నిమిషాలు వదిలేయండి." కింద ఇంకో మూడు చిట్కాలు, రెండు దండాలు.

నేను పనిచేసేది మంచినీళ్ళ ఫిల్టర్ బెడ్స్ దగ్గర. రోజూ క్లోరిన్ సిలిండర్లతోనే కాపురం. అందుకే ఈ మెసేజ్ చూస్తే ఒళ్ళు మండుతోంది.

డబుల్ పవర్ సంగతి ముందు. బోరునీళ్ళ తెల్లచారలు సున్నం తాలూకువి. అవి యాసిడ్‌కే కరుగుతాయి, బ్లీచింగ్‌ని లెక్కచేయవు. నాచు, క్రిములు బ్లీచింగ్ పని. రెండూ కలిపితే యాసిడ్ టైలును వదిలేసి బ్లీచింగ్ మీద పడుతుంది. బ్లీచింగ్‌లో పనికొచ్చేదంతా క్లోరిన్ అనే విషవాయువై లేచిపోతుంది. డబ్బు పెట్టి కొన్నది టైలుకు దక్కదు, మీ ముక్కుకు దక్కుతుంది.

ఇక ఆ పొగ. మా దగ్గర సిలిండర్ జాయింటు లీకవుతోందేమోనని అనుమానం వస్తే, కర్రకు చుట్టిన గుడ్డను అమ్మోనియాలో ముంచి దాని దగ్గర తిప్పుతాం. కొద్దిపాటి లీకున్నా తెల్లటి పొగ లేస్తుంది. అది చూశాక మాస్కు లేనివాడు అక్కడ నిలబడడు. మెసేజ్ రాసిన మహానుభావుడు మాత్రం పొగ చూసి సంతోషించమంటున్నాడు.

లెక్క కావాలా? గుప్పెడంటే 50 గ్రాములనుకుందాం. తాజా పౌడరైతే దాంట్లోంచి 15 గ్రాముల దాకా క్లోరిన్ వస్తుంది, అంటే దాదాపు 5 లీటర్ల గ్యాసు. మన బాత్రూములో పట్టే గాలి 8,000 లీటర్లు. పది లక్షల పాళ్ళలో 600 పాళ్ళు దాటిపోయింది. పది లక్షలకు 10 ఉంటేనే ప్రాణాపాయమని పరిశ్రమల్లో లెక్క. పోనీ, సగమే వచ్చిందనుకోండి. అయినా ముప్ఫై రెట్లు!

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా" అంటాడు మా డిగ్రీవాడు. ఫ్యాన్ పైకప్పు దగ్గరుంటుంది నాయనా. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేలమీదే పాకుతుంది. గొంతుక్కూర్చుని బ్రష్ పట్టుకున్న మనిషి మొహం ఉండేదీ అక్కడే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్లు ఇదే గ్యాసు వదిలితే కందకాల్లోకి దిగి సైనికుల్ని చంపింది. వాళ్ళు కనీసం ఆరుబయట వదిలారు. మనం తలుపు కూడా వేసుకుంటున్నాం.

ఇక మెసేజ్ కింది చిట్కాలు. వంటసోడా, వెనిగర్‌తో సింకు పైపు శుభ్రమట. నురగ వస్తుంది, పోతుంది. సీసాలో పోసి మూత బిగించనంతవరకూ ప్రమాదం లేదు, పెద్ద ప్రయోజనమూ లేదు.

"గొంతు మండితే బెల్లం ముక్క, గ్లాసు పాలు." అబ్బో, వైద్యం కూడా! పాలు పోయేది కడుపులోకి, గ్యాసు పోయింది ఊపిరితిత్తుల్లోకి. చేయాల్సింది బయటి గాలిలోకి రావడం, కళ్ళు మండితే నీళ్ళతో బాగా కడుక్కోవడం. బకెట్ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళకండి. ఎక్కువ పీలిస్తే దగ్గు తగ్గాక కూడా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఆయాసం వస్తే పాలగ్లాసు అవతల పెట్టి ఆసుపత్రికి పొండి.

చివరి చిట్కా: "యాసిడ్‌లో నీళ్ళు పోయకండి, నీళ్ళలోనే యాసిడ్ పోయండి." ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే వేడెక్కి మొహాన చిందుతుంది. ఆ ఒక్క ముక్క ఎవరు చేర్చారో గానీ, మిగతాది చదవకుండానే చేర్చినట్టున్నారు.

ఇదంతా గ్రూపులో పెడితే మేనత్త అడిగింది: "సరేరా, మరి నా బాత్రూమ్ మరకలు పోయేదెట్లా?" న్యాయమైన ప్రశ్న. ఆ మెసేజ్ ఆవిడకు తప్పో ఒప్పో ఒక జవాబిచ్చింది, నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. అత్తా, ఇవాళ యాసిడ్ ఒక్కటే వాడు, తలుపు తీసిపెట్టి, చేతులకు గ్లవుజులు వేసుకుని. నాలుగు బకెట్ల నీళ్ళతో కడిగెయ్. నాచు మిగిలితే బ్లీచింగ్ ఇంకో రోజు.

అత్త బొటనవేలు బొమ్మ పెట్టింది. మా డిగ్రీవాడు ఇంకా మెసేజ్ తీసెయ్యలేదు.