డ్రోనుకు సుంకమెంత?

కాస్త ఇసుక, నాలుగు కొబ్బరి చెట్లు, ఒక కూల్‌డ్రింకుల కొట్టు ఉంటే చాలు, మన తీరంలో ఏ ఊరైనా మినీ గోవాయే. సూర్యలంక మినీ గోవా. రామాపురం మినీ గోవా. అసలు గోవా వాళ్లకి ఈ సంగతి తెలిస్తే ఫ్రాంచైజీ ఫీజు అడుగుతారని నా భయం. మోటుపల్లిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదులే అని ధీమాగా ఉన్నాను. మొన్న ఆ ముచ్చటా తీరింది.

బాపట్ల జిల్లా, చినగంజాం మండలం. ఉప్పు మడులు దాటి వెళితే చిన్న ఊరు, ఒకప్పటి ఓడరేవు. అక్కడి వీరభద్రస్వామి గుళ్లో ఒక స్తంభం ఉంది. నేను వెళ్లేసరికి ఆ స్తంభానికి ఒక కుర్రాడు వీపు ఆనించి, టోపీ సర్దుకుని, కెమెరాకి చెబుతున్నాడు: "ఫ్రెండ్స్, ఈ ఊళ్లో చూడ్డానికి పెద్దగా ఏం లేదు. డైరెక్టుగా బీచ్‌కి వెళ్లిపోదాం!"

అతని వీపు కింద ఉన్నది 1244 నాటి కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం, ఓడ వర్తకులకు ఆయన రాయించి ఇచ్చిన హామీ. పోర్చుగీసు వాళ్లు గోవా పట్టుకున్నది 1510లో. అంటే అప్పటికే మా ఊరి రేటు కార్డుకి 266 ఏళ్లు. లెక్క ప్రకారం గోవాయే మినీ మోటుపల్లి కావాలి. సరే, అంత పట్టుదల నాకు లేదు.

ఆ రాతిలో ఉన్న సంగతి ఇది. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పాత రాజులు బలవంతంగా లాగేసుకునేవారు. సముద్రం ముంచగా మిగిలింది రాజు ముంచేవాడన్నమాట. గణపతిదేవుడు అది ఆపేశాడు. ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్ల మీద జాలితో, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోనని రాయించాడు. సరుకు వచ్చినా పోయినా ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, మిరియాలు... జాబితా పెద్దదే.

తర్వాత కొన్నేళ్లకి మార్కోపోలో వచ్చాడు. మన యూట్యూబర్లకు ఆదిగురువు ఆయనే. పాముల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయనీ, గద్దలు వాటిని పైకి తెస్తాయనీ రాశాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురైతే, ఆమెని రాజుగారి భార్యని చేశాడు. అయినా ఇక్కడి నేత సాలెగూడంత సన్నగా ఉందని, రాణి న్యాయంగా పాలిస్తోందని గమనించాడు. స్తంభానికి వీపు తిప్పి "ఏం లేదు ఫ్రెండ్స్" అనలేదు.

ఇక బీచ్. కుర్రాడు డ్రోన్ లేపాడు. అది గద్దలాగే లేచింది, వజ్రాలేమీ తేకుండా నేరుగా వెళ్లి నీళ్లలో పడింది. కుర్రాడి ముఖంలో ఓడ మునిగిన వర్తకుడి కళ. "ఈఎంఐ ఇంకా ఉందంకుల్!" అన్నాడు నాతో. అప్పుడే ఒడ్డుకొస్తున్న పడవలో పెద్దాయన ఒకరు వల విసిరి లాగాడు. వలలో రెండు పీతలు, ఒక డ్రోన్.

ఇక్కడ నాలోని సుంకం గుమాస్తా మేల్కొన్నాడు. పాత రాజుల రూలైతే డ్రోన్ మొత్తం ఖజానాకి. గణపతిదేవుడి రూలైతే ముప్పయ్యో వంతు. రెక్కలు నాలుగు, కెమెరా ఒకటి, బ్యాటరీ ఒకటి, ఇందులో ముప్పయ్యో వంతంటే ఓ రెక్క కొస విరిచి ఇవ్వాలేమో. నేనింకా భాగహారంలో ఉండగానే కుర్రాడు పర్సు తీశాడు.

"ఎంత ఇమ్మంటావన్నా?"

"వద్దులే అబ్బాయ్. నీళ్లలో పోయినోడి సొమ్ము మాకెందుకు?"

స్తంభం మీదున్న సంస్కృతం, తెలుగు అంతా ఆయన ఒక్క ముక్కలో చెప్పేసి, పీతల్ని మాత్రం బుట్టలో వేసుకున్నాడు.

కుర్రాడు డ్రోన్ తుడుచుకుని, మళ్లీ కెమెరా పెట్టుకుని ఏమన్నాడో తెలుసా? "ఫ్రెండ్స్, లొకేషన్ సూపర్. ఈ పడవలు, వలలు అడ్డం లేకపోతే పక్కా గోవానే!"

అడ్డమా? ఎవడికి అడ్డం? ఎవరింటికొచ్చి ఎవరి మంచం బయట పడేయమంటున్నావు? ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపుకుని, మిగతా రోజులు తెల్లారకముందే ఆ అలల మీదికి పోయేవాళ్లు అడ్డమా? నువ్వొక్కడివే కాదు. రిసార్టుకు స్థలం చూడ్డానికి కారు దిగే ప్రతి పెద్దమనిషీ మొదట వెతికేది ఆ పడవల్ని ఎక్కడికి నెట్టాలా అనే. ఓడ పగిలినవాడిని దోచొద్దని రాయి చెక్కించుకున్న ఊళ్లో, ఓడ నడిపేవాడిని వెళ్లగొట్టాలని చూస్తున్నారు. సిగ్గుండాలి.

వీడియో వచ్చింది, చూశాను. పేరు మామూలే. వల సీను లేదు, ల్యాగ్ అనిపించిందేమో. స్తంభం మాత్రం ఉంది. రెండు సెకన్లు. దాని మీద అతని టోపీ ఆరేసి ఉంది.