పెన్న మడుగులో చేపలు తేలితే విషం పోసినట్టేనా?

ఎండలు ముదిరేసరికి మా కడప వైపు వాట్సాప్‌లో ఒక మెసేజ్ మొదలవుతుంది. పెన్న మడుగులో వెల్లకిలా తేలిన చేపల ఫొటో, దాని కింద ఈ మాటలు: "నీళ్లు బాగానే ఉన్నాయి. ఒక్క రాత్రిలో చచ్చాయి. కొర్రమీనుకు మాత్రం ఏమీ కాలేదు. ఎవరో విషం కలిపారు. బ్లీచింగ్ పౌడర్ చల్లించండి."

నీళ్లుంటే సరిపోదు, వాటిలో ఆక్సిజన్ కరిగి ఉండాలి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది, 35 డిగ్రీలకు 7 లోపే. నీళ్లు కాగేకొద్దీ చేపకు ఇంకా ఎక్కువ కావాలి. ఏరు పారినన్నాళ్లు ఇది తెలియదు, పారడం ఆగి మడుగులు మిగిలాకే బయటపడుతుంది.

'ఒక్క రాత్రిలో' అన్న మాటలోనే అసలు సంగతి ఉంది. మడుగు పచ్చగా కనిపిస్తోందంటే నిండా నాచే. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే ఆ నాచూ, అడుగున కుళ్లే ఆకూ అలమూ, చేపలూ అన్నీ కలిసి దాన్ని ఖర్చు చేస్తాయి. తెల్లవారుజాముకు దాదాపు ఏమీ మిగలదు. నాలుగింటికి వెళ్లి టార్చి వేయండి: బొచ్చె చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తుంటాయి. ఎండెక్కేదాకా ఓర్చుకున్నవి మళ్లీ లోపలికి పోతాయి. విషమైతే పొద్దు చూసుకుని పనిచేయదు కదా!

ఇక కొర్రమీను. అది పైకొచ్చి గాలే పీలుస్తుంది. మార్పు, ఇంగిలాయి అనే చేపలు కూడా అంతే. అందుకే మే నెల మడుగులో ఇవే మిగులుతాయి. (ఊరి పేరులోనే మడుగున్న జమ్మలమడుగు వాళ్లకు ఇది ఒకరు చెప్పాలా!)

విషం అసలు కలపరని నేను అనను. కలిపితే నీటిపురుగులు, రొయ్యపిల్లలు, చిన్నచేపలు కూడా పోతాయి. ఊపిరాడక చచ్చేటప్పుడు మాత్రం సాధారణంగా పెద్ద చేపలే ముందు తేలతాయి. ఫొటో తీసేవాళ్లు ఒడ్డున చిన్నవాటిని కూడా ఒకసారి చూస్తే బాగుండు.

బ్లీచింగ్ సలహా ఒక్కటే నిజంగా ప్రమాదం. అందులోని క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది, అంటే బతికి బయటపడ్డ కొర్రమీన్లను కూడా చంపినట్టే. చచ్చిన చేపలను వలతో తీసి, ఒడ్డుకు దూరంగా పాతిపెట్టండి. అవి అక్కడే కుళ్లితే మర్నాటి రాత్రికి ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది.