సవరణ: పోస్ట్‌గ్రెస్ 15కి మారితే సరిపోదు

విశాఖ మధురవాడలో డేటాబేసులు చూసేవాళ్ల కోసం రాసిన గత పోస్టులో, "పోస్ట్‌గ్రెస్ 15కి మారితే సెక్యూరిటీ డిఫైనర్ ఫంక్షన్ల బెడద తీరుతుంది" అన్నాం. (పోస్ట్‌గ్రెస్ ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్; సెక్యూరిటీ డిఫైనర్ ఫంక్షన్ అంటే ఎవరు పిలిచినా తన యజమాని హక్కులతో నడిచే ఫంక్షన్. ఆ హక్కులను మామూలు యూజర్ దొంగదారిన వాడుకోవడమే బెడద.) తప్పు. తీరదు.

పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు, ఫంక్షన్లు పెట్టుకునే ఉమ్మడి విభాగం) అందరికీ ఉన్న క్రియేట్ హక్కును 15 తీసేసింది కొత్త డేటాబేసులకే. పాతవి అప్‌గ్రేడ్ చేస్తే ఆ హక్కూ వెంటే వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు ఇచ్చే పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డీఎన్ ప్లస్ కొట్టండి; పబ్లిక్ వరసలో "=యూసీ" కనబడితే తలుపు తెరిచే ఉన్నట్టు.

అసలు మెలిక పీజీ_టెంప్‌ది, అంటే సెషన్ తాత్కాలిక (టెంప్) టేబుళ్లు ఉండే స్కీమాది. సెర్చ్ పాత్‌లో (పేర్లను ఏ స్కీమాల్లో, ఏ వరసలో వెతకాలో చెప్పే జాబితా) దాని పేరు రాయకపోతే, టేబుళ్ల కోసం సర్వర్ ముందు అక్కడే వెతుకుతుంది (ఫంక్షన్ల కోసం వెతకదు, అదొక్కటే ఊరట). సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) హక్కుతో నడిచే ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించే మాడ్యూల్) ఫంక్షన్ స్కీమా పేరు లేకుండా "లాగ్" టేబుల్‌లో ఇన్సర్ట్ చేస్తోందనుకోండి. మామూలు యూజర్ అదే పేరుతో టెంప్ టేబుల్ పెట్టి ట్రిగ్గర్ (ఇన్సర్ట్ జరిగినప్పుడు తనంతట తానే నడిచే కోడ్) తగిలిస్తే, ఆ ట్రిగ్గర్ సూపర్‌యూజర్‌గానే నడుస్తుంది.

ఆల్టర్ ఫంక్షన్ కమాండ్‌తో సెర్చ్ పాత్‌ను "పీజీ_క్యాటలాగ్, పీజీ_టెంప్" అని బిగించండి (పీజీ_క్యాటలాగ్ పోస్ట్‌గ్రెస్ సొంత స్కీమా). టెంప్ చివరే ఉండాలి. లోపలి టేబుళ్లకు స్కీమా పేరు రాయండి. కొత్త ఫంక్షన్‌ను నడిపే హక్కు మామూలుగా అందరికీ ఉంటుంది కాబట్టి, క్రియేట్ చేసిన ట్రాన్సాక్షన్‌లోనే రివోక్ చేయండి (వెనక్కి తీసుకోండి). తర్వాత చేద్దామనుకుంటే మధ్యలో సందు దొరుకుతుంది.