రాత్రి రెండున్నరకి డ్యూటీ ఎక్కే బ్యాకప్ స్క్రిప్టు గారికి

మహారాజశ్రీ బ్యాకప్ స్క్రిప్టు గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనే కూర్చున్నాను. కానీ ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే.

మా ఆఫీసు యూనిక్స్ మెయిల్ సర్వర్లో మీరు కొలువుకి చేరి పదకొండు నెలలు. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. రాత్రి రెండున్నరకి క్రాన్ (చెప్పిన టైముకి పనులు మొదలుపెట్టే ప్రోగ్రామ్) లేపగానే లేచి, లాగ్‌లో "సక్సెస్" అని రాసి పడుకునేవారు. పొద్దున్నే ఆ ముక్క చూసుకుని నేను కాఫీకి వెళ్లేవాణ్ణి.

మొన్న అకౌంట్స్ మేడమ్ పొరపాటున ఒక ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశారు. ఆడిట్ వాళ్లు ఎదురుగానే కూర్చున్నారు. "ఐదు నిమిషాలు మేడమ్" అని ఛాతీ విరుచుకుని వచ్చి బ్యాకప్ డైరెక్టరీ తెరిచాను. 30 ఫైళ్లు, తేదీలవారీగా, పెళ్లి పంక్తిలో విస్తళ్లలా చక్కగా వరసలో ఉన్నాయి. ఏ విస్తట్లోనూ మెతుకు లేదు. ఒక్కోటీ 20 బైట్లు. ఉండాల్సింది 9 జీబీ!

ఆ ఇరవైలో ఏముందో కూడా చూశాను లెండి. పది బైట్ల తల, ఎనిమిది బైట్ల తోక, మధ్యలో రెండు బైట్లు "లోపల ఏమీ లేదు" అని చెప్పడానికి. ఖాళీ చేతులతో వెళ్లినా ఫైళ్లని కుదించే జీజిప్ గారు మూట కట్టకుండా పంపరు.

నేను చేత్తో నడిపితే మీరు బంగారం. నా పాత్‌లో, అంటే కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో, /యూఎస్‌ఆర్/లోకల్/బిన్ ఉంది, ఫైళ్లన్నిటినీ ఒక కట్టగా కట్టే జీటార్ ఉండేది అక్కడే. క్రాన్ పాత్‌లో /యూఎస్‌ఆర్/బిన్, /బిన్ తప్ప ఇంకేం లేవు. జీటార్ దొరకలేదు. ఒక కమాండ్ ఇచ్చింది ఇంకోదానికి అందించే పైపుకి ఇవతలున్న జీజిప్‌కి అదేం పట్టలేదు, వచ్చిన శూన్యాన్నే కుదించి సున్నా తిరిగిచ్చింది. యూనిక్స్‌లో సున్నా అంటే విజయం, పైపులో చెల్లేది ఆఖరివాడి మాట. ఇంకేం, మీరు సక్సెస్ రాసేశారు.

పాతవి 30 రోజులు దాటితే తీసెయ్యమని కూడా చెప్పాను కదా. ఖర్మ కాకపోతే, ఆ పని చేసే ఫైండ్ మాత్రం /యూఎస్‌ఆర్/బిన్‌లోనే ఉంది. మొదటి వారం నేను చేత్తో తీసిన ఏడు నిఖార్సైన బ్యాకప్పుల్ని తు.చ. తప్పకుండా చెరిపేశారు.

కనీసం ఒక్క మాట చెప్పొద్దా అని తిట్టుకుంటూ నిన్న రాత్రి రూట్ (సర్వర్ అడ్మిన్ ఖాతా) మెయిల్‌బాక్స్ తెరిచాను. మూడొందల పైచిలుకు ఉత్తరాలు. అన్నిట్లోనూ ఒకటే లైను: "జీటార్: కమాండ్ నాట్ ఫౌండ్". మీ తరఫున క్రాన్ రోజూ రాస్తూనే ఉంది. అదీ ఎక్కడికి? మీరు కాపాడాల్సిన ఆ సర్వర్‌కే.

ఇప్పుడు జీటార్‌కి పూర్తి పాత్ రాశాను. పైపులో ఎవరు తప్పినా తప్పేననే పైప్‌ఫెయిల్ పెట్టాను. రూట్ మెయిల్ బయటి అడ్రసుకి మళ్లించాను. ప్రతి ఆదివారం ఒక మెయిల్‌బాక్స్‌ని వేరే చోట విప్పి చూస్తున్నాను.

మేడమ్ ఇంకా పార్టీలకి ఫోన్లు చేస్తూ "ఆ ఇన్‌వాయిస్ మళ్లీ ఒకసారి పంపిస్తారా అండీ" అని అడుగుతున్నారు. అవి రాత్రికి మీ దాకా వస్తాయి. చూసుకోగలరు.

ఇట్లు,
రూట్ పాస్‌వర్డ్ ఉండి రూట్ మెయిల్ చదవని
మీ విధేయుడు